స్టీరింగ్‌కు కట్టిన దారం

నా భార్యను చంపింది వాన కాదు. నేనూ, నా తమ్ముడూ.

మా ఇంట్లో కారు నడిపేది ఆమె ఒక్కతే. పొద్దున్నే మా అమ్మను నడుము వైద్యానికి తీసుకెళ్లి, మళ్లీ ఇంట్లో దింపి, ఆఫీసుకు పోవాలి. సాయంత్రం సరుకులతో తిరిగి రావాలి. నాకు నడపడం రాదు. పక్కన కూర్చుని ఎలా నడపాలో చెప్పడం మాత్రం వచ్చు.

"ఏమండీ, బండి ఎడమకు లాగుతోంది," అంది ఒకరోజు గిన్నెలు తోముతూ. స్టీరింగ్‌ను కుడికి లాగిపట్టీ లాగిపట్టీ కుడి భుజం లేవక ఎడమ చేత్తో తోముతోంది. "రోడ్డే అలా ఉంది," అన్నాను. వారం తర్వాత మళ్లీ అంది. "నీకు వంక కనబడనిది ఏదమ్మా?" అంది మా అమ్మ.  నా భార్య కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తెచ్చి స్టీరింగ్‌కు సరిగ్గా పైన, మధ్యలో కట్టింది. బండి నేరుగా పోతుంటే దారం పైనే ఉండాలి. ఉండేది కాదు, కుడికి ఒరిగేది. వారం వారం ఇంకొంచెం. నిద్రలో కూడా ఆమె కుడి పిడికిలి బిగిసే ఉండేది. తన మాట ఎవరూ నమ్మరని తెలిసి సాక్ష్యం కట్టుకుంది. అది నాకు అప్పుడు అర్థం కాలేదనడం అబద్ధం.

చక్రాల వంకర సరిచేసే అలైన్‌మెంట్ షాపు నా తమ్ముడిదే. బండి అక్కడికే తీసుకెళ్లాం. దారం చూసి నవ్వాడు. "బండికి కూడా జడ వేశావా వదినా? ఆడలేక మద్దెల ఓడు అన్నారట!"

"ఒక్కసారి నువ్వే నడిపి చూడవయ్యా," అంది. వాడు నడపలేదు. బయట బెంచీ మీదున్న మా అమ్మకు మాత్ర వేయడానికి ఆమె వెళ్లింది.

చక్రాల వంకర సరిచేసే కడ్డీల దగ్గర బోల్టులు తుప్పు పట్టాయి. విప్పాలంటే ఒక పూట పని. వాడు వాటిని వదిలేసి స్టీరింగ్ నట్టు విప్పాడు. స్టీరింగ్ ఊడదీసి, లోపలి పళ్లలో రెండు పళ్లు ఎడమకు జరిపి, మళ్లీ బిగించాడు. చక్రాలు ఎక్కడివక్కడే, వంకరగానే ఉన్నాయి. "అన్నయ్యా, ఇక దారం పైనే ఉంటుంది. నీకు పోరు తప్పింది," అన్నాడు. నేను వాడికి లైటు పట్టుకుని నిలబడ్డాను. నవ్వాను కూడా.

మూడో రోజు ఆమె అడిగింది. "దారం పైనే ఉందండీ. భుజం మాత్రం లాగుతూనే ఉంది. అసలు చక్రాలు ముట్టుకున్నాడా?"

"ముట్టుకున్నాడు," అన్నాను.

 ఆమె వెళ్లి దారం విప్పేసింది.

నెలాఖరున వాన పడింది. అమ్మను దింపి ఆఫీసుకు పోతుంటే మలుపులో ఎడమ టైరు పేలింది. బయటికి కొత్తదానిలా ఉన్న ఆ టైరు లోపలి అంచు, చక్రం వంకరగా తిరిగీ తిరిగీ, తీగలు తేలేదాకా అరిగిపోయింది.

దర్యాప్తుకు వచ్చిన అధికారితో, "మా వదినకు బండి నడపడంలో చెయ్యి ఇంకా తిరగలేదు సార్," అన్నాడు తమ్ముడు. అమ్మ తల ఊపింది. నేను స్టీరింగ్ సంగతి చెప్పాను. లైటు పట్టుకున్న సంగతీ చెప్పాను. "ఒరేయ్, వాడు నీ తోడబుట్టినవాడురా!" అంది అమ్మ. అధికారి ఎదురు ప్రశ్న కూడా వేయలేదు. వెంటనే రాసుకున్నాడు.

ఆమె మూడు నెలలు చెప్పింది. నేను ఒక్కసారి చెప్పాను.

ఇక దీని గురించి నన్నెవరూ అడగొద్దు. చెప్పను.