గోడకర్ర

అమ్మ మోకాళ్ళు మొరాయించిన నాటి నుంచి వడ్రంగి అయిన పెద్దకొడుకు చెయ్యని ఏర్పాటు లేదు. మంచం కోళ్ళ కింద దిమ్మలు బిగించి ఎత్తు పెంచాడు. కూర్చుని లేవడానికి ఆసరాగా కుర్చీ చేతులు పెంచాడు. మంచం దగ్గర మొదలుపెట్టి స్నానాల గది దాకా గోడ పొడుగునా, ఆమె గుప్పిటకు సరిపోయేలా గుండ్రంగా చిత్రిక పట్టిన టేకు కర్ర బిగించాడు. ఎక్కడా పేడు గుచ్చుకోకుండా తన చెంపకు రాసి చూసుకుని మరీ బిగించాడు. ఇంట్లో దానికి గోడకర్ర అని పేరు పడింది. దాన్ని పట్టుకుని ఆమె ఎవరినీ పిలవకుండా తన అవసరాలు తాను చూసుకునేది.

ఎవరినీ పిలవకుండా. చిక్కంతా అక్కడే వచ్చింది.

తమ్ముడు బస్సు కండక్టరు. ఆదివారం ఆదివారం వస్తాడు. వచ్చి ఏమైనా చేస్తాడా అంటే పుల్ల తీసి పక్కన పెట్టడు. అమ్మ మంచం మీదే బాసిపట్టు వేసుకు కూర్చుని, బస్సులో సీటు కోసం ఎవరెవరు జుట్లు పట్టుకున్నారో గొంతులు మార్చి చెబుతాడు. ఆమె బోసినోరు తెరిచి పడీపడీ నవ్వుతుంది. వాడి బండి చప్పుడు వింటే చాలు, గోడకర్ర వదిలేసి చెయ్యి చాస్తుంది. వాడు ఆ చెయ్యి పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిపించి వచ్చేపోయేవాళ్ళను చూపిస్తాడు.

ముందుగదిలో పని చేసుకుంటున్న వడ్రంగి ఆ నవ్వు వినబడినప్పుడల్లా మేకు మీద రెండు దెబ్బలు ఎక్కువ వేసేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే మరి.

ఆ ఆదివారం గుమ్మంలో నిలబడ్డ అమ్మను పక్కింటావిడ పలకరించింది. "ఏం పిన్నీ, షికారా?"

"మా చిన్నాడు నడిపిస్తున్నాడే. వాడి చెయ్యి పట్టుకుంటే నొప్పులే తెలియవు."

"మరి పెద్దాడో?"

"వాడా? వాడికి బోలెడు పని."

వడ్రంగి చేతిలో చిత్రిక చెక్కలోకి దిగబడిపోయింది.

"తమ్ముణ్ణి చూసి ఏడుస్తున్నారేంటండీ?" అంది భార్య గొంతు తగ్గించి.

"ఎవరేడ్చారు? రంపప్పొట్టు కంట్లో పడింది."

మర్నాడు పొద్దున్నే గోడకర్రలో నడిమి ముక్క ఊడదీశాడు. "పురుగు పట్టేలా ఉందమ్మా. పాలిష్ వేసి బిగిస్తా. అందాకా లేవాలంటే నన్ను పిలువు."

"అట్లాగే నాయనా."

పని ముందేసుకున్నాడు గానీ చెవి లోపలే పడేశాడు. కాసేపటికి మంచం కిర్రుమంది. కాళ్ళు ఈడ్చిన చప్పుడు వచ్చి ఆగింది. తొంగి చూశాడు. కర్ర తెగిన చోట అమ్మ నిలబడి ఉంది. చెయ్యి గాలిలో ఉంది, చూపు అవతలి ముక్క మీద ఉంది. ఇప్పుడు పిలుస్తుంది అనుకున్నాడు. పిలవలేదు. వచ్చిన దారినే మెల్లగా మంచం చేరి, పెదవి బిగబట్టి కూర్చుంది.

చిత్రిక వదిలేసి పరుగెత్తాడు. "పిలవమన్నానా లేదా?"

"చిత్రిక చప్పుడు వినబడుతోంది కదరా. నడిమధ్య లేపితే చెక్క పాడవుతుందనీ..."

"పాడైతే ఇంకో చెక్క! వాణ్ణయితే పిలవవూ?"

"వాడంటే ఇక్కడ పనీపాటా లేనివాడు, లేపితే నష్టమేంటి? మీ నాన్న చిత్రిక పడుతున్నప్పుడు ఇల్లు కాలుతున్నా నేను పలకరించేదాన్ని కాదు. నిన్నూ అంతే."

వడ్రంగి చెయ్యి చాచాడు. ఆమె బరువంతా ఒక్కసారిగా దాని మీద పడింది. అమ్మ ఇంత బరువుంటుందని అతనికి తెలియదు. గోడకు తెలుసు, తనకే తెలియదు.

"అబ్బ, చెయ్యా ఇది, ఆకురాయా? తమ్ముడిది దూదిలా ఉంటుంది."

"టిక్కెట్లు చింపే చెయ్యి దూదిలా కాక ఇంకెలా ఉంటుందీ?"

ఆమె నవ్వింది. బోసినోరంతా తెరిచి, ఆగి ఆగి, స్నానాల గది తలుపు దాకా నవ్వుతూనే నడిచింది.

గురువారం భార్య నిలదీసింది. "ఆ పాలిష్ ఇంకా ఆరలేదా?"

"చెమ్మగా ఉంది."

"ఆరనీవే, తొందరేముంది?" అంది అమ్మ లోపల్నుంచి.

"పోనీ, ఆదివారం దాకా అలాగే ఉంచండి. మరిది వస్తాడుగా, ఆయనే నడిపిస్తాడు."

"ఆదివారం దాకా ఎందుకు?" అన్నాడు వడ్రంగి గబుక్కున. "శనివారం సాయంత్రానికి ఆరిపోతుంది."