పెద్దొడ్డు మీది పులి

పులితో పదకొండు నిమిషాలు కళ్ళలో కళ్ళు పెట్టి చూశాననీ, చివరికి పులే సిగ్గుపడి తల దించుకుందనీ హమ్మాద్ పాలంపేట వాట్సప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు.

హమ్మాద్ డ్రోన్‌తో వరికి మందు కొడతాడు. ఎనభై ఎకరాలు, ఒకటే చదును. నాట్లు మిషన్ వేస్తుంది, కోతలు మిషన్ కోస్తుంది, మధ్యలో మందు అతను కొడతాడు. పొద్దంతా అతనితో మాట్లాడేది చేతిలోని రిమోట్ ఒక్కటే. అది కూడా బ్యాటరీ తగ్గిందని తప్ప ఇంకో ముక్క అనదు. మొన్న ఒక కొంగ వచ్చి దూరంగా వాలితే, దానికి తన పెళ్ళిచూపుల సంగతంతా చెప్పుకున్నాడు. కొంగ సగంలో లేచిపోయింది.

అరగంటలో ఎనిమిది బండ్లు, ఒక ఆటో వచ్చాయి. ఒకప్పుడు ఇక్కడే నాట్లు వేసి, ఇప్పుడు ములుగులో బ్లౌజులు కుడుతున్న పర్వీన్ కూడా దిగింది. అంతమంది మొహాలు ఒక్కసారి చూసేసరికి హమ్మాద్‌కు ఎవరిని ముందు పలకరించాలో తెలియలేదు.

"ఎంత పొడుగున్నదిరా?" పర్వీన్ అడిగింది.

"ట్రాక్టరు ట్రాలీ అంత ఖాలా. తోక అలగ్."

"నీకు భయం కాలే?"

"నాకేం భయం. దానికే జర ఫికరైంది."

అందరూ నవ్వారు, కట్టయ్య తప్ప. ఈ ఎనభైలో ఆరెకరాలు ఆ ముసలాయనవే.

"యాడికెల్లి వచ్చింది?" అన్నాడాయన.

"పెద్దొడ్డు మీదికెల్లి దుంకింది కాకా. గా తుమ్మల చాటుకు కూసున్నది."

"ఏ పెద్దొడ్డురా?"

హమ్మాద్ చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. రోడ్డు దాకా చాప పరిచినట్టు వరి. మధ్యలో ఒక్క గట్టు గీత లేదు, ఒక్క చెట్టు లేదు.

"రెండేండ్ల కింద డోజర్ తోలి గా ఒడ్డు చదును జేసింది నువ్వే గదా," కట్టయ్య నిదానంగా అన్నాడు. "డ్రోనుకు అడ్డమైతాన్నయని తుమ్మలు పీకింది గూడ నువ్వే. గీ పొలంల తొండ దాసుకుందామన్న జాగ లేదు. పులి యాడ కూసుంటదిరా?"

"కుట్టు పని ఇడిసిపెట్టి వస్తిగదరా, బేకార్‌గా," అంటూ పర్వీన్ ఆటో ఎక్కింది. బండ్లు ఒక్కొక్కటే తిరిగిపోయాయి.

కట్టయ్య పోలేదు. ఒడ్డు ఉండిన వైపు చూస్తూ నిలబడ్డాడు.

"సద్ది గాడనే కూసుండి తినేటోళ్ళం," అన్నాడు. "ఎందుకు చెప్పినవ్‌రా అబద్ధం?"

అది పులి కాదు, చిరుతపులి అందామని హమ్మాద్ నోరు తెరిచాడు.

"ఏదీ రాలే కాకా," అన్నాడు చివరికి. "మోటర్ కాలిందంటే ఫోన్ల మాట్లాడుతరు గాని రారు. పులంటే వస్తరనుకున్న. ఒడ్డు తీసిన దినం ఊరంత వచ్చిండ్రు గద చూడనీకి, నేను మస్తు ఖుషైన. గంతే. మళ్ళ ఎవ్వలు రాలే."