నలభై నాలుగో పాఠం

పాత పోగును ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకుని, కుడిచేత్తో కొత్త పోగును దాని పక్కకు చేర్చి, బూడిద అంటిన వేళ్ళతో రెండింటినీ ఒక్క మెలి తిప్పింది వళ్ళియమ్మ. ఆ మెలిని వెనక్కి మడిచి మళ్ళీ నలిపింది. ముడి పడలేదు. రెండు పోగులూ ఒకటైపోయాయి. ఇది నూట పన్నెండోది. ఇంకా రెండు వేల ఆరొందల చిల్లర ఉన్నాయి.

దేవేంద్రన్ ఇంట్లో మగ్గం గుంటలోకి కాళ్ళు జారవిడిచి కూర్చుంది ఆమె. నిన్న చీరలు కోసేశాక, దువ్వెనలాంటి పన్నెలోంచి పాత పడుగు కొసలు జానెడు పొడవున వేలాడుతున్నాయి. ఎదురుగా కొత్త పడుగు సిద్ధంగా ఉంది. పాత కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతికితే, లాగినప్పుడు పాతవి దారి చూపిస్తూ కొత్తవాటిని పన్నె పళ్ళ సందుల్లోంచి తీసుకుపోతాయి. మగ్గం ఎప్పుడూ ఖాళీ కాదు. తిరుత్తణి చుట్టుపక్కల సాలెవీధుల్లో ఈ అతికే పని చేసేవాళ్ళు ఒకప్పుడు పాతికమంది ఉండేవాళ్ళు. ఇప్పుడు నలుగురు. నలభై ఎనిమిదేళ్ళుగా అదే పని చేస్తున్న వళ్ళియమ్మ వేళ్ళ కొసలు గీతలు అరిగి, గోళీల్లా నున్నగా అయిపోయాయి. రేషన్ షాపులో మిషను ఆమె వేలిముద్ర తీసుకోదు. షాపతను ప్రతి నెలా ఓపిగ్గా పది వేళ్ళూ పెట్టించి చూస్తాడు.

ఈ పనికి వేళ్ళూ కళ్ళూ కావాలి. చెవులతో అవసరం లేదు. అందుకే ఎడమ చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుంటుంది. కుడిచెవి మాత్రం ఇంటివాళ్ళ పిలుపు కోసం వదిలిపెడుతుంది.

"ఏమక్కా, పొద్దున్నే బడికి పోయినావా?" అన్నాడు దేవేంద్రన్, కాఫీ గ్లాసు గట్టుమీద పెడుతూ.

"ఆమా, పోయినా. నువ్వు ఏడో క్లాసులో ఎగ్గొట్టినావు కదా, నీ పాఠాలు గూడా నేనే వింటా ఉండా."

"వినేది సరే. ఆ టీచరమ్మకు తప్పులు వేరే చెప్తావంట! నువ్వు అయిదు, ఆ పాప ఎం.ఏ."

"ఆ పాప పాఠం చెప్పమన్నాదా నన్ను? తప్పు చెప్పమన్నాది. తప్పు చెప్పేదానికి అయిదు చాలు పో."

'చెవిబడి' అని ఆ పాడ్‌కాస్ట్ పేరు. తిరువళ్ళూరులో బడిపంతులమ్మగా పనిచేసే నివేద నడుపుతోంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, చదవడం మాత్రం అరవం ఒక్కటే వచ్చిన పిల్లల కోసం. చదవలేకపోతే పోనీ, వింటారు కదా అని ఆ పిల్ల ఆలోచన. రెండేళ్ళ కిందట పత్తి మీద పాఠాన్ని దేవేంద్రన్ ఫోనులో విన్న వళ్ళియమ్మ, "పాపా, పత్తి చెట్టు అంటా ఉండావే, అది చెట్టు గాదు, మొక్క. దానెక్కి ఎవురూ కాయలు కొయ్యరు" అని చెప్పి పంపించింది. ఆ ఆదివారమే నివేద బస్సెక్కి వచ్చేసింది. అప్పటినుంచీ ప్రతి పాఠమూ బయటికి వెళ్ళే ముందు వళ్ళియమ్మ దగ్గరికి వస్తుంది. అర్థమైందా, ఏ మాట తెలియలేదు, ఎక్కడ విసుగు పుట్టింది, తప్పేమైనా ఉందా అని అడుగుతుంది నివేద. వళ్ళియమ్మ ఫోనులోనే జవాబు చెప్పి పంపుతుంది. గ్రహణం పాఠానికి, "వెనకాల ఆ మేళం తీసెయ్ పాపా, సూర్యుడికి పెండ్లి జరుగుతా ఉన్నట్టుంది" అంది. వానల పాఠానికి, "బాగుంది. మా నాయన గుర్తొచ్చినాడు. అది నీ తప్పు గాదులే" అంది.

తొమ్మిదో పాఠంలో కొత్త గొంతు వచ్చింది. ముసలి గొంతు. ప్రతి వాక్యం చివరా కొంచెం ఆగి, పిల్లల ముఖాలు చూస్తున్నట్టు ఊపిరి పీల్చుకునే గొంతు. వళ్ళియమ్మ చేతిలో పోగులు అలాగే ఉండిపోయాయి. కండిగై తెలుగు బడిలో అయిదో తరగతి వరకూ ఆమెకు చదువు చెప్పిన ధర్మలింగం అయ్యోరి గొంతు అది. ఆయనది వ్యవసాయపు కుటుంబం. సైకిలు మీద బడికి వచ్చేవాడు. చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది. ఎక్కాలు తప్పు చెప్పిన పిల్లను కొట్టేవాడు కాదు. "మళ్ళీ చూడు, తప్పు యాడుందో అదే కనపడతాది" అనేవాడు. ఇన్నేళ్ళూ పోగుల్లో తప్పు పడినప్పుడల్లా వళ్ళియమ్మ తనకు తాను చెప్పుకున్న మాట అదే. ఆయన ఇప్పుడు ఆవడిలో కూతురు సుగంధి దగ్గర ఉంటున్నాడు. తన పాఠం వళ్ళియమ్మ వింటోందని తెలిసినప్పటినుంచి, ఆమె అభిప్రాయం వచ్చిందా లేదా అని అడిగి, చెవి మిషను పెట్టుకుని, కూతురి ఫోనులో వేయించుకుని వింటాడట.

ఈ ఉదయం నివేద పంపిన కబురు ఇది. "పెద్దమ్మా, నలభై నాలుగో పాఠం పంపినా. మగ్గం గురించి. పోయిన నెల అయ్యోరు చెప్పినారు. ఇప్పుడు ఆయనకు ఆయాసం ఎక్కువైపోయింది, నాలుగు మాటలు గూడా చెప్పలేరు. రేపు ఆదివారం వెయ్యాల. మధ్యాహ్నం లోపల చెప్పండి. తప్పుంటే దాచొద్దు. తప్పుంటే పాఠమే తీసేస్తా. మళ్ళీ చెప్పించేదానికి అయ్యే పని గాదు."

చిటికెడు బూడిద నుదుటికి రాసుకుని, "మురుగా" అనుకుని పాఠం పెట్టుకుంది. మగ్గం గురించి అయ్యోరి నోట వినడం కంటే కావలసిందేముంది?

మొదట అంతా బాగుంది. నూలుకు రంగులద్దడం, వీధి పొడవునా పడుగు సాగదీయడం, తెల్లవారుజామున గంజి వాసన. ఆ వాసన నిజంగానే వచ్చినట్టయింది ఆమెకు. తండ్రి చేతులు గుర్తుకొచ్చాయి, గంజితో బిరుసెక్కిన వేళ్ళు. తర్వాత అయ్యోరు గొంతు ఇలా అంది:

"నేత పూర్తయ్యాక ఏం చేస్తారో తెలుసా? నేను కళ్ళారా చూశాను. ఒకసారి ఒక సాలెవారింటికి పనిమీద వెళ్ళాను. పాత పోగులన్నీ కత్తితో కోసి, పన్నెలోంచి లాగేసి, మగ్గాన్ని పూర్తిగా ఖాళీ చేస్తున్నారు. ఎందుకని అడిగితే, కొత్త పడుగు ఎక్కించేందుకు అన్నారు. గడప దగ్గర ఒక చిన్నపిల్ల కూర్చుని, కోసిపారేసిన పోగుల్ని ఉండగా చుట్టుకుంటోంది. ఏ పనైనా కొత్తగా మొదలుపెట్టాలంటే పాతదంతా తీసెయ్యాలని ఆ మగ్గం నాకు నేర్పింది."

వళ్ళియమ్మ చేతిలో ఒక పోగు దాటిపోయింది. వెనక్కి వెళ్ళి, వెతికి, దాన్ని పట్టుకుంది. పాఠాన్ని కూడా వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. మాట మారలేదు.

ఆ పిల్ల తనే.

ఆడి నెలలో, ఆషాఢంలో, తండ్రి పోయాడు. మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించి మూరెడు కూడా నేయలేదు. పదకొండో రోజున మేనమామ వచ్చి, పోయిన మనిషి పోగుకు కొత్త పోగు అతకకూడదని పడుగంతా కోసేశాడు. మర్నాడు మగ్గాన్ని ఎవరో బండి మీద వేసుకుపోయారు. మామ పోగులు కోస్తున్నప్పుడే అయ్యోరు సైకిలు దిగి గడప బయట నిలబడ్డాడు, పిల్లను ఆరో తరగతికి పంపమని అడగడానికి. ఇంట్లో చావు జరిగిందని ఆయనకు తెలియదు. "ఎందుకిట్ల తీసేస్తా ఉండారు?" అని అడిగాడు. పరాయివాడి ముందు అశుభం మాట ఎందుకనుకున్నాడో, నోరు రాలేదో, "కొత్త పడుగెక్కించేదానికి" అన్నాడు మామ. అమ్మ లోపలినుంచి బయటికి రాలేదు. అయ్యోరు పనిలో ఉన్నారనుకుని, పిల్ల తల నిమిరి వెళ్ళిపోయాడు. ఆ వారమే వళ్ళియమ్మ మేనత్త పక్కన కూర్చుని పోగులతకడం నేర్చుకుంది.

పోయిన మనిషి పోగుకు అతకకూడదన్న మాట ఏ శాస్త్రంలో ఉందో ఆమెకు ఈనాటికీ తెలియదు. తర్వాత ఎన్నో ఇళ్ళల్లో అలాంటి మగ్గాలకు అతికింది. ఏ ఇంటికీ ఏమీ కాలేదు. తన ఇంటికి మాత్రం ఆ మాట ఎందుకు వర్తించిందని కొండమీది స్వామిని ఒకటి రెండుసార్లు అడిగింది. ఆయన మీద కోపం మాత్రం రాలేదు.

పదకొండైంది. వెయ్యి పోగులు దాటాయి. నివేద నుంచి మరో కబురు వచ్చింది. "పెద్దమ్మా, విన్నారా?"

తప్పు చెబితే పాఠం పోతుంది. అయ్యోరు చెప్పిన చివరి పాఠం. ఆవడిలో ఆ మనిషి మంచం మీద ఆయాసపడుతూ ఈ మాట వినాలి, అదీ తన నోటినుంచి. చెప్పకపోతే మగ్గాన్ని కోసి పారేస్తారని రేపు పిల్లలు వింటారు. సాలెవీధి పిల్లలు కూడా వింటారు. అతికేవాళ్ళు ఉన్నారన్న సంగతే ఎవరికీ తెలియకుండా పోతుంది. గురువుకు తప్పు చెప్పడం పాపమా? తెలిసీ ఊరుకోవడం పాపమా? ఈ రెండూ ఒకేసారి ఎదురైతే ఏం చెయ్యాలో ఏ పురాణంలోనూ విన్నట్టు లేదు ఆమెకు.

"ఏమక్కా, కాఫీ అట్లే ఆరిపోయినాది?" అన్నాడు దేవేంద్రన్.

"దేవేంద్రా, నీకు చదువు చెప్పిన అయ్యోరు తప్పు చెప్తే ఏం చేస్తావు?"

"చుమ్మా ఊరుకుంటా. ఆయన తప్పు చెప్పినాడని నాకెట్ల తెలస్తాది?"

"తెలిస్తే?"

అతను తల గోక్కున్నాడు. "తెలిస్తే... ఆయనే కదక్కా తెలిసేట్టు చేసినాడు. చెప్పాలేమో మరి."

వళ్ళియమ్మ చేతులు కడుక్కోలేదు. బూడిద వేళ్ళతోనే ఫోను తీసుకుంది. దేవేంద్రన్‌ను, అతను నేస్తున్న పక్క మగ్గాన్ని కాసేపు ఆపమని సైగ చేసింది.

"అయ్యోరూ, వళ్ళిని. పాఠం విన్నా. అన్నీ అర్థమైనాయి. యాడా విసుగు రాలేదు. ఒక్క తప్పుండాది. అది మీది గాదు. మీరు చూసింది నిజమే, కానీ ఆ దినం కొత్త పడుగు ఎక్కించలేదు. మా నాయన పోయినాడు. మగ్గం తీసేస్తా ఉండారు. మా మామ మీకు నిజం చెప్పలేదు. ఉండ చుట్టతా ఉండిన పిల్ల నేనే. మీరు నా తల మీద చెయ్యి పెట్టినారు, అది గూడా గుర్తుండాది. మగ్గం ఎప్పుడూ ఖాళీ చెయ్యరు అయ్యోరూ. పాత పోగుకు కొత్త పోగు అతకతారు. ఎట్లంటే..."

అంటూ, ముందున్న పోగుల్ని చూస్తూ, ఎడమ వేలి కింద ఏది, కుడి వేలి కింద ఏది, ఎంత మెలి, ఎటు మడత, బూడిద ఎందుకు, అన్నీ చెప్పింది. పిల్లలకు చెబుతున్నట్టే, వాక్యం చివర కొంచెం ఆగుతూ చెప్పింది. చివర్లో ఏమనాలో తెలియక, "ఉంటాను అయ్యోరూ" అని ఆపేసి నివేదకు పంపింది. కాసేపటికి నివేద, "సుగంధి అక్కకు పంపినా. పాఠం సంగతి అయ్యోరు ఏం చెప్తే అది" అంది.

మధ్యాహ్నం సంగటి ముద్దను సగంలోనే వదిలేసింది. మళ్ళీ మగ్గం గుంటలోకి దిగింది. ఇయర్‌ఫోను పెట్టుకోలేదు. పక్క మగ్గం చప్పుడు వింటూ, ఒకటి, మరొకటి. నాలుగున్నరకు ఆఖరి పోగు అతికింది. దేవేంద్రన్ అవతల నిలబడి పడుగును నెమ్మదిగా లాగాడు. ఆమె అరచేతితో పోగుల్ని నిమురుతూ ఉంటే, అతుకులన్నీ పన్నె పళ్ళ మధ్యలోంచి వరుసగా అవతలికి వెళ్ళాయి. రెండు వేల ఎనిమిది వందల్లో తెగినవి మూడు.

"నీ చెయ్యే చెయ్యక్కా" అన్నాడు దేవేంద్రన్.

అప్పుడే ఫోను మోగింది. నివేద ఏడుస్తోంది. "పెద్దమ్మా... అయ్యోరు మూడున్నరకు..."

వళ్ళియమ్మ గట్టుమీద కూర్చుండిపోయింది. "నా మాట విన్నాడా పాపా?"

"తెలీదు పెద్దమ్మా. నేను అడగలేదు."

ఇంటికి పోయి చీర మార్చుకునేంత టైము కూడా తీసుకోలేదు. తిరుత్తణి స్టేషన్‌లో లోకలు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. తిరువాలంగాడు పొలాలు, తిరువళ్ళూరు జనం, ఏవీ ఆమె కంటికి ఆనలేదు. వినకుండా పోయుంటే ఆ తప్పుతోనే పోయినట్టు. విని పోయుంటే తన మాట తగిలి పోయినట్టు. రెంటిలో ఏది కావాలో స్వామికి చెప్పుకోలేక, ఊరికే పేరు తలుచుకుంటూ కూర్చుంది.

ఆవడిలో దీపాలు పెట్టే వేళైంది. ముందు గదిలో అయ్యోరు తెల్లపంచెలో చిన్నగా ఉన్నాడు. ఆయన పాదాలు తాకితే, వేళ్ళనంటిన బూడిద అక్కడ లేతగా అంటింది. తుడవబోయి ఊరుకుంది. సుగంధి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయింది.

"నీ మాట వచ్చినాది అని చెప్తే, చెవి మిషను తెమ్మన్నాడక్కా. నెల దినాలైంది ఆయన దాన్ని పెట్టుకుని. ఏం వినాలని లేదు అంటా ఉండె. మూడుసార్లు వేయించుకున్నాడు."

"కోపం వచ్చిందా?"

"నవ్వినాడు. 'ఉండ చుట్టింది అదేనా' అన్నాడు. మళ్ళీ ఊపిరి తీసుకుని, 'పాఠం తియ్యొద్దను. నా మాట అట్లే ఉండనీ, దాని ఎనకాల వళ్ళి మాట పెట్టమను' అన్నాడు. తర్వాత మిషను తనే తీసి నా చేతికిచ్చి, 'చాల్లే, ఇంక పండుకుంటా' అన్నాడు." సుగంధి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ మిషను ఆపేది యాడో నాకు తెలీదక్కా. ఎప్పుడూ ఆయనే ఆపుకుంటా ఉండె."

ఖాళీ మంచం పక్కన స్టూలు మీద, మూత పెట్టిన చిన్న స్టీలు గిన్నెలో, వేలి కణుపంత చెవి మిషను సన్నగా కూస్తూనే ఉంది.