అడుగు బిరడా

"ఈ తువ్వాలు సగం ఏమైంది?" అంది కోడలు, తీగ మీంచి తీసిన ముక్కను అత్తగారి మొహం ముందు ఆడిస్తూ.

"నన్నడుగుతావేంటే? నేను తిన్నానా?" అంది మంచం మీంచి ముసలామె. "ఉతికీ ఉతికీ నువ్వే అరగదీసుంటావు."

"అరిగిపోతే అంచు ఇంత తిన్నగా ఉంటుందా అత్తా? ఇది కత్తితో కోసింది. కొని నెల కూడా కాలేదు."

"మహరాజుగారి పట్టు తెర చిరిగినట్టు ఏం గోలే నీది!"

ఇంకోరోజైతే కోడలు నవ్వి ఊరుకునేదే. తెల్లవారకముందే మంచు షెడ్డుకు వెళ్ళి, మధ్యాహ్నం దాకా చేపల్ని పెట్టెల్లో సర్ది వచ్చింది. వేళ్ళింకా మొద్దుబారి ఉన్నాయి. పొద్దుటినుంచి ఏదో ఒకదాని మీద విసుక్కోవాలని ఉంది ఆమెకు. తువ్వాలు దొరికింది.

"నేనే కోశాను," అన్నాడు గుమ్మంలోంచి ఆమె మొగుడు.

అది అతను ఇంటికొచ్చే వేళ కాదు. ఛాతీ దాకా తడిసి ఉన్నాడు. గుమ్మం మీద కూలబడి కుడికాలు చాపాడు. మడమ తెల్లగా నాని ముడతలు పడి, మధ్యలో గుండ్రంగా ఎర్రటి అచ్చు తేలి ఉంది.

"బిరడాకి చుట్టాను," అన్నాడు. "వదులుగా ఉందని. మొగ దాటి సముద్రంలోకి వెళ్ళాక ఊడిపోయింది."

ఇద్దరాడవాళ్ళూ తువ్వాలు సంగతి మరిచిపోయారు.

పడవ అతనిది కాదు. ఒడ్డున ఉన్న చిన్న పడవలన్నీ ఒకే ఓనరువి, రోజుకింతని అద్దె. ప్రతి పడవకూ వెనక పలక అడుగున ఒక కన్నం ఉంటుంది. సాయంత్రం పడవను ఒడ్డుకు లాగి, బిరడా తీస్తే, లోపల చేరిన నీళ్ళన్నీ కారిపోతాయి. పొద్దున మళ్ళీ బిగించి దింపాలి. ఎవడో ఒకసారి అద్దె కట్టకుండా చీకట్లో పడవ తీసుకుపోయాడని ఓనరు ఒక పద్ధతి పెట్టాడు: సాయంత్రం తీసిన బిరడా తెచ్చి పడవల షెడ్డులో డబ్బాలో వెయ్యాలి, పొద్దున అద్దె కట్టి డబ్బాలోంచి తీసుకోవాలి. బిరడా లేని పడవను దొంగ కూడా ముట్టడు. ఆ డబ్బాకు కాపలా ఉండే ముసలాయన్ని అందరూ డబ్బా మామ అనేవారు. ఆయనకు అందరూ అల్లుళ్ళే.

ఏ బిరడా ఏ పడవదో ఓనరుకు పట్టలేదు. ముందొచ్చినవాళ్ళు మంచివి ఏరుకుంటారు. ఇతను వీధి కుళాయి దగ్గర నీళ్ళు పట్టి, తల్లిని లేపి మొహం కడిగించి వచ్చేసరికి డబ్బా అడుగున మిగిలేవి మరలరిగినవి, ఎండకు పగిలిన ప్లాస్టిక్‌వి.

"మరి ఎలా వచ్చావురా?" అంది తల్లి.

"మడమ పెట్టి అదిమాను. తీస్తే నీళ్ళు లోపలికొచ్చేస్తాయి. తియ్యకపోతే కూర్చున్నచోట అందినంతే తోడగలను. అలాగే వచ్చాను. వల అక్కడే వదిలేశాను," అన్నాడు.

కోడలు పొయ్యి మీది గిన్నె దించి, బట్టలసబ్బు ముక్క చేతిలోకి తీసుకుంది. "పద," అంది.

"ఎక్కడికి?"

"మన కన్నానికి సరిపోయేది మనమే కొందాం."

ఒడ్డున పడవ పక్కకి ఒరిగి ఉంది. ఆమె తడి సబ్బును మెత్తగా పిసికి కన్నంలోకి కూరి, మెల్లగా తిప్పుతూ బయటకు తీసింది. కన్నం కొలత సబ్బు మీద దిగింది. మరలు మాత్రం ఒక పక్కే పడ్డాయి. రెండో పక్క నున్నగా ఉంది.

దుకాణంవాడు సబ్బు ముద్దను వెలుగులో పెట్టి చూశాడు. "ఇత్తడిది నీకు అమ్మగలనమ్మా, డబ్బూ ఎక్కువొస్తుంది. కానీ కన్నంలో మరలు పోయాయి. ఎంత తిప్పినా పట్టుకోదు."

"ప్లాస్టిక్‌ది?"

"దానికీ మరలే కావాలిగా." రబ్బరుది ఒకటి ముందు పెట్టాడు. పైన చిన్న మీట ఉంది. "ఇది దూర్చి మీట వంచితే రబ్బరు ఉబ్బి బిగుసుకుంటుంది."

ఆమె మీటను వంచి, లేపి, మళ్ళీ వంచింది. "రోజూ ఇలాగే బిగుస్తుందా?"

"పెట్రోలు తగలనివ్వకండి, రబ్బరు పాడవుతుంది. పగులు కనిపిస్తే మార్చెయ్యండి. వదులైతే ఈ మరను కాస్త తిప్పుకోండి. మీట తేలిగ్గా పడిందంటే నమ్మొద్దు. వేలు నొప్పి పెట్టేంత గట్టిగా పడాలి."

"అంతకంటే గట్టిగా నొప్పి పెట్టేది ధరే," అన్నాడు మొగుడు. ఆమె రెండు రోజుల కూలి దానికి పోయింది.

తిరిగొచ్చి బిరడా బిగించారు. ఆమె బకెట్లతో నీళ్ళు మోసి పడవలో పోసింది. అతను ఇసుకలో బోర్లా పడుకుని కన్నం కింద అరచెయ్యి పెట్టాడు.

"తడుస్తోందా?"

"లేదు."

"సరిగ్గా చూడు."

"పొడిగా ఉందే తల్లీ, కావాలంటే నువ్వొచ్చి పడుకో."

ఆ రోజు మొదటిసారి ఆమె నవ్వింది. అతను మీట లేపి బిరడా తీశాడు. నీళ్ళు ధారగా ఇసుకలోకి పోయాయి. అప్పటికే పొద్దు వాలింది. డబ్బా చంకన పెట్టుకుని డబ్బా మామ వచ్చాడు.

"కొత్తదా అల్లుడూ? బాగుంది. ఇందులో వెయ్యి."

"ఇది నేను కొనుక్కున్నాను మామా."

"పడవ ఆయనది. పడవకున్నదంతా ఆయనదే."

"రేపు ముందొచ్చినవాడు దీన్ని పట్టుకుపోతాడు. నాకు మళ్ళీ ఆ అరిగిపోయిందే."

"అయితే నువ్వే ముందు రా."

"వాళ్ళమ్మను ఎవరు చూస్తారు? నువ్వొస్తావా?" అంది కోడలు.

డబ్బా మామ ఆమెకేసి చూసి కళ్ళు దించుకున్నాడు. "నాకు ఉద్యోగమే ఈ డబ్బా తల్లీ. మీ ఆయనొక్కడు ఇవ్వకపోతే రేపు అందరూ ఇవ్వడం మానేస్తారు. ఇంక నన్నెందుకు ఉంచుకుంటాడు?" అతనికేసి తిరిగి గొంతు తగ్గించాడు. "ఓనరుకు చెప్పకుండా ఉండలేను. అన్నం తినే వేళకి మీ ఇంటి మీదుగా వెళ్తాను. అప్పుడైనా ఇచ్చెయ్యి. లేదంటే పొద్దున పడవ ఇంకొకడికి."

ఇంట్లో ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. చేప తల ముసలామె పళ్ళెంలో ఉంది; ఆమె దాన్ని ముట్టలేదు.

"ఇచ్చెయ్యరా నాయనా. ఆ రబ్బరు ముక్క కోసం పడవ పోగొట్టుకుంటావా? ఇప్పటికే వల పోయింది."

అతను అన్నం కలుపుతున్నాడు.

"ఓ పని చెయ్యి. పొద్దున నన్ను లేపకు. మొహం కడుక్కోకపోతే నేనేం చావను. ముందే వెళ్ళి నీది నువ్వు తీసుకో."

"నేను ముందెళ్తే ఇంకొకడు వెనకబడతాడమ్మా. పగిలిన బిరడా వాడికొస్తుంది."

"వాడి సంగతి నీకెందుకు?"

అతను పెళ్ళాంకేసి చూశాడు. "నువ్వేమంటావ్?"

ఆమె అప్పటికే మనసులో లెక్క వేసుకుంది. మంచు షెడ్డు కూలితో బియ్యం వస్తాయి, అత్తగారి మాత్రలు వస్తాయి. ఇంటద్దె రాదు. ఇచ్చెయ్యమందామని నోటి దాకా వచ్చింది. ఈ మనిషి రేపు మళ్ళీ మొగ దాటతాడు. పోయిన వల గుర్తొచ్చింది గానీ, కన్నానికి మడమ అదిమి ఎంతసేపు అలా కూర్చున్నావని ఆమె ఇంతవరకూ అడగనేలేదు.

"ఇమ్మని నేను చెప్పలేను," అంది. "నీకు పడవ దొరక్కపోతే నేను రెండు పూటలా మంచు షెడ్డుకు వెళ్తాను."

"నీ చేతులు చూసుకున్నావా అసలు?" అన్నాడతను.

బయట దగ్గు వినిపించింది. ఆ తర్వాత గొంతు: "అల్లుడూ, తిన్నావా?"

ముసలామె కొడుకు చెయ్యి పట్టుకుంది. అతను మెల్లగా విడిపించుకున్నాడు. లేవలేదు. కలిపిన ముద్దను పళ్ళెంలోనే ఉంచి, గుమ్మం వైపు తిరిగాడు.

"తింటున్నాను మామా. బిరడా ఇవ్వను. ఇవాళా ఇవ్వను, రేపూ ఇవ్వను. అద్దె మాత్రం పొద్దున తెచ్చి కడతాను, ఓనరుకు అలాగే చెప్పు."

బయట వెళ్ళిపోతున్న అడుగుల చప్పుడు వినిపించలేదు; డబ్బా మామ ఇంకా గుమ్మం ముందే ఉన్నాడు.