అడుగు ఉప్పు

మోంఘీని సోమరిపోతు అని పిలిచి పిలిచి చంపారు. పిలిచినవాళ్లలో మొదటివాడు ఆమె మొగుడు కర్సనే.

కచ్ చిన్న రణ్ అనే ఉప్పు ఎడారిలో ఏడాదికి ఎనిమిది నెలలు ఉప్పు పండించే అగరియాలకు ఒక పద్ధతి ఉంది. తెల్లగా గడ్డకట్టిన ఉప్పంతా లారీ ఎక్కుతుంది. మడి అడుగున మిగిలే చేదునీటిలోంచి చివరగా గీకింది ఇంటి కుండకు చేరుతుంది. "ఉప్పు పండించేవాడు కొట్టు పాకెట్టు కొంటే పరువేం మిగులుతుంది?" అనేవాడు కర్సన్. ఆ చేదునీటి కోసమే కంపెనీ ట్యాంకర్లు వస్తాయి, అందులోంచి బ్రోమిన్ తీస్తారు. ఆ సంగతి అందరికీ తెలుసు. అదే తమ పప్పులోనూ పడుతోందని ఎవరికీ తోచలేదు.

మడిలో దంతెతో ఉప్పు లాగే మోంఘీకి నడక మందగించింది. గొంతు కింద నిమ్మకాయంత ఉబ్బు. మాట బొంగురుపోయింది. ఎండలో దుప్పటి కప్పుకునేది.

"మీ మహారాణి దంతె పట్టుకునే కునుకు తీస్తోంది, కర్సన్ భాయ్," అన్నాడు పక్క మడిలో పనిచేసే వేలో. కర్సనూ నవ్వాడు.

"చలేస్తోంది, ఝమకు నాన్నా," అంది మోంఘీ మొగుడితో.

"పని చెయ్యి. వేడి అదే పుడుతుంది."

పుష్యమాసంలో ఒక పొద్దున ఆమె లేవలేదు. ఒళ్లు మంచుగడ్డలా ఉంది. ట్రాక్టర్ మీద పట్నం చేరేలోపే పోయింది.

మరుసటి వేసవి, మిట్టమధ్యాహ్నం, కూతురు ఝమకు తల్లి దుప్పటి తీసి కప్పుకుంది. కర్సన్ చేతిలో రొట్టె ఆగిపోయింది.

"ఎందుకే అది?"

"చలిగా ఉంది నాన్నా."

పిల్ల గొంతు వైపు చూడటానికి భయపడ్డాడు. చూశాడు. అక్కడా అదే ఉబ్బు.

ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ ముక్తాబెన్ రక్తం పరీక్ష చేయించింది. ఏ ఉప్పు తింటారని అడిగింది. రొట్టెల మూటలోని ఉప్పు చిటికెడు నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది.

"ఇందులో అయోడిన్ లేదు, బ్రోమైడు మాత్రం దండిగా ఉంటుంది. థైరాయిడ్ గ్రంథిలోకి వెళ్లే అయోడిన్‌కు అది అడ్డుపడుతుంది. ఒంట్లో ఉన్న కాస్త అయోడిన్‌నూ మూత్రంలో బయటికి తోసేస్తుంది. గ్రంథి ఉబ్బుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, మనిషి మందగిస్తాడు."

"పిల్ల బతుకుతుందా?"

"ఈ ఉప్పు మానెయ్, మాత్రలు రోజూ వెయ్యి, బతుకుతుంది. వాళ్లమ్మకూ ఇలాగే ఉండేదన్నావు, ఆమెను ఎప్పుడు చూపించావు?"

కర్సన్ మాత్రల పొట్లం అందుకుని, ఝమకు చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

ఇంటికొచ్చి ఉప్పు కుండ మడిలో బోర్లించాడు. చుట్టుపక్కలవాళ్లు చేరారు.

"అడుగు ఉప్పు తినకండి. అయోడిన్ కలిపిన పాకెట్టు కొనండి, పరువేం పోదు. మెడ ఉబ్బి, ఎండలో చలేస్తుందనే మనిషి సోమరి కాదు, రోగి. తిట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి."

"మోంఘీ వదినకూ ఇదేనా?" అన్నాడు వేలో, తలెత్తకుండా.

"ఇదే. ఒక్కసారి చెప్పాను, విన్నారు. తిట్టిన నోళ్లతో ఆమె పేరు నా ముందు ఇక ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

దంతె తీసుకుని మడిలోకి దిగాడు.