కోరా పళ్లెం పక్కన ఐదు గింజలు

అన్యాయం జరిగింది ఎవరికి? కోరా షీహన్‌కు. ఎలా జరిగింది? ముప్పై నాలుగేళ్ల క్రితం, థాంక్స్‌గివింగ్ అనే కృతజ్ఞతల పండుగ నాటి ఉదయం, ఇంటి వెనుక కుంట మీది పలుచని మంచు విరిగి నాలుగేళ్ల యూజీన్ నీళ్లలో పడ్డాడు. కోరా పొట్ట మీద పాకుతూ వెళ్లి వాణ్ణి పైకి లాగింది. గాజులా పగిలిన మంచు ఆమె కుడి మణికట్టు నరాన్ని కోసేసింది. చర్చిలో ఆర్గన్ వాయించే ఆ చేతి వేళ్లు ఆ తరువాత మళ్లీ ముడుచుకోలేదు.

పిల్లవాణ్ణి కనిపెట్టుకుని ఉండవలసింది కోరా కాదు, వాడి తల్లి, కోరాకు అక్క అయిన డీలియా. ఓవెన్‌లో యాపిల్ పై అనే తీపి రొట్టె మాడుతోందని ఆమె లోపలికి వెళ్లింది. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర అక్కాచెల్లెళ్ల తండ్రి, "పిల్లాడి దగ్గర ఎవరున్నారు?" అని గర్జించినప్పుడు, ఆమె చెల్లెలి పేరు చెప్పింది. కాదని కోరా మొత్తుకుంటే, తప్పు చేసినవాళ్లందరూ అలాగే అంటారన్నాడు తండ్రి. మరుసటి వారమే కోరా ఇల్లు విడిచింది. పక్క ఊళ్లో ఒక లాండ్రీలో పనికి కుదిరింది. ఆ బల్ల దగ్గర ఆమెకు మళ్లీ కుర్చీ వేయలేదు.

ఇప్పుడు తండ్రి లేడు. నాలుగు నెలల క్రితం డీలియాకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దానికంటే ఘోరం, మాట పోయింది. మనసులో ఒక మాట ఉంటే నోట మరొకటి వచ్చేది. పాలు కావలసి "బూటు" అనేది. సాయంత్రం కూతురు రీటాతో కలిసి చెప్పే జపమాల మాత్రం, కాన్వెంటు బడిలో సిస్టర్లు నేర్పిన పాత ప్రార్థనలు మాత్రం, ఎక్కడా తడబడకుండా వచ్చేవి. డాక్టరు దానికి ఆశ్చర్యపడలేదు. రెండోసారి పక్షవాతం వస్తే అవి కూడా మిగలవని మాత్రం చెప్పాడు.

అమ్మ ఇంకెన్నాళ్లుంటుందో అని రీటా పిన్నికి ఉత్తరం రాసింది. థాంక్స్‌గివింగ్ నాడే కోరా వచ్చింది. కోటు విప్పకుండానే బల్ల చివర కూర్చుంది. తిరుగు బస్సు నాలుగింటికి.

"కుంటవైపు కిటికీ నీకే వదిలాం కోరా," అన్నాడు అన్న బార్ట్, టర్కీ కోడిని కోస్తూ. "పసిపిల్లలెవరూ లేరులే, భయపడకు."

"ఇన్ని చలికాలాలు పోయినా నీ నోరు మాత్రం గడ్డకట్టలేదు అన్నయ్యా."

రీటా ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

డీలియా నవ్వలేదు. ఆమె చూపు పళ్లాల మీద ఉంది. ఆ ఇంట్లో ప్రతి పళ్లెం పక్కన ఐదు ఎండు మొక్కజొన్న గింజలు పెడతారు. భోజనం అయ్యాక, యాపిల్ పై కోయకముందు, ఒక్కొక్కరు ఒక్కో కృతజ్ఞత చెప్పి ఒక్కో గింజను గిన్నెలో వేస్తారు. అందరికన్నా పెద్దవారు చివర. ఏళ్ల తరబడి అలవాటైన లెక్కతో పెట్టిందేమో, రీటా కోరా పళ్లెం పక్కన గింజలు పెట్టడం మరిచింది. డీలియా తప్ప ఎవరూ గమనించలేదు. కోరా గమనించి కూడా అడగలేదు.

భోజనం ముగిసి, గింజలు వేయడంలో యూజీన్ వంతు వచ్చింది. ప్రతి ఏడూ చెప్పినట్టే చివరి గింజ పట్టుకుని, "నేను కుంటలో పడ్డాక మూడు వారాలు నా మంచం పక్కనే కూర్చుని నన్ను బతికించుకున్న అమ్మకి," అన్నాడు.

గింజ గిన్నెలో టక్కుమంది. డీలియాకు గుండె మీద సుత్తి పడ్డట్టయింది. కోరా వంతు దాటిపోయింది. ఇక మిగిలింది తానే. గోడ గడియారం మూడుంబావు. ఈ రోజు చెప్పకపోతే ఎప్పుడు? ఎవరికి? ఏ నోటితో?

"కోర్..." అంది. నాలుక మడతపడింది. "కోర్... కోర్న్..."

"కార్నా? మొక్కజొన్న గింజలు చాలలేదా అమ్మా?" రీటా పరుగున వెళ్లి డబ్బా తెచ్చి మరో గుప్పెడు పోసింది.

"అక్కకి దేవుడి మీద అభిమానం ఎక్కువైంది," అన్నాడు బార్ట్. "ఐదుతో సరిపెట్టుకోదు."

డీలియా ఎడమచేత్తో ఆ గుప్పెడు గింజల్ని నేల మీదకు ఊడ్చేసింది. "కత్తి! బూటు! కాదు, కాదు!" ఆమె కళ్లు పిచ్చిదానిలా తిరుగుతున్నాయి. మాటలన్నీ లోపల వరుసగా నిలబడి ఉన్నాయి. తలుపు మాత్రం తెరుచుకోవడం లేదు.

"పడుకోబెడదామా?" అంటూ యూజీన్ లేచాడు.

కోరా కూడా లేచి కోటు గుండీలు పెట్టుకుంది. "నేను వెళ్తాను రీటా. నన్ను చూస్తేనే మీ అమ్మకి బాధగా ఉంది."

కోరా గుమ్మం దాటితే అంతా అయిపోయినట్టే. డీలియా కళ్లు మూసుకుంది. తనవైన మాటలు రావు. అప్పుడు తనవి కాని మాటలు, పదేళ్ల వయసులో మోకాళ్ల మీద నేర్చుకున్న, పాపం ఒప్పుకునే ప్రార్థనలోని మాటలు, గొంతులోంచి స్పష్టంగా పైకి వచ్చాయి.

"నా పాపము, నా పాపము, నా మహా పాపము."

ఎడమ పిడికిలితో రొమ్ము మీద మూడుసార్లు కొట్టుకుంది. ఆ చేతి వేలినే కిటికీలోంచి కుంట వైపు చాపింది. తరువాత యూజీన్ వైపు. మళ్లీ తన రొమ్ము మీదకు. "నా పాపము!"

యూజీన్ ముఖం పాలిపోయింది.

"అమ్మా... ఆ రోజు నన్ను చూసుకోవలసింది నువ్వా?"

ఆమె తల ఊపింది. ఇంకోసారి, అందరికీ కనిపించేలా ఊపింది.

"పిన్ని కాదా?"

"కాదు." ఈసారి ఆ మాట సరైన చోట పడింది.

యాపిల్ పై కోయడానికి పట్టుకున్న కత్తిని బార్ట్ కింద పెట్టాడు. కోరా గుమ్మం దగ్గర గోడకు ఆనుకుంది. "నా మాట ఒక్కరు నమ్మలేదు," అంది, ఎవరివైపూ చూడకుండా. "ఒక్కరు."

యూజీన్ వెళ్లి ఆమె వంగని వేళ్లను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "కూర్చో పిన్నీ. బస్సుని పోనీ. నేను దింపుతాను."

ఆమె కూర్చుంది. చాలాసేపటికి కోటు విప్పింది. క్షమించానని అనలేదు, అనమని ఎవరూ అడగలేదు.

డీలియా తన పళ్లెం పక్కనున్న ఐదు గింజలను గిన్నెలో వేయలేదు. ఒక్కొక్కదాన్నే ఎడమచేతి వేలితో బల్ల పొడవునా తోస్తూ, చెయ్యి అందని చోట యూజీన్ ముందుకు జరుపుతుంటే, చెల్లెలి పళ్లెం పక్కకు చేర్చింది. గింజ గింజకూ, "కోరా," అంది. ఇప్పుడు ఎవరికీ మరో మాటలా వినిపించలేదు.

ఐదోది కూడా వెళ్లింది. డీలియా ముందు గింజ ఒక్కటీ మిగల్లేదు.