దానంతటదే పడే తలుపు

ఈ దేశంలో తలుపులకు బయట గడియలుండవు. వదిలేస్తే చాలు, తలుపు దానంతటదే వెళ్లి పడుతుంది, తాళమూ పడిపోతుంది. ఈ సంగతి వచ్చిన రోజే మా ఆయన చెప్పారు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. ఇల్లిచ్చినవాళ్లు ఒక్కటే ఇచ్చారట. వీడియో కాల్లో వింటున్న అత్తయ్యగారు అందుకున్నారు, "ఇంట్లో పడుండేదానికి తాళంచెవెందుకే? బయట తిరిగేవాడికి గానీ."

అత్తయ్యగారు సముద్రాల అవతల ఉన్నారన్న మాటే గానీ, ఉండేది నా వంటింట్లోనే. ఆయన ఆఫీసుకు వెళ్తూ పాత ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి వెళ్తారు. పోపు మాడినా, మా చంటిపాప తుమ్మినా ఆవిడకు తెలియాల్సిందే. నాకు తోడుగా ఉంటుందని అలా పెట్టారట. నాకు తోడు కిటికీ. అందులోంచి చూస్తే పిల్లల బళ్లు తోసుకుంటూ ఒంటరిగా పోయే తల్లులు కనిపిస్తారు, వాళ్ల వెంట ఎవరూ ఉండరు. ఎదురింటి పాపకు ఎనిమిదేళ్లుంటాయేమో, మెడలో తాడుకు తాళంచెవి వేలాడుతుంటుంది. బడి నుంచి వచ్చి తన తలుపు తనే తీసుకుని లోపలికి పోతుంది. మొదటిసారి చూసినప్పుడు అయ్యో పాపం అనుకున్నాను. ఎవరు పాపమో తర్వాత అర్థమైంది.

ఆ రోజు పొయ్యి మీద పాలు పెట్టి, చెత్త సంచి గుమ్మం పక్కన పెడదామని ఒక్క అడుగు బయటికి వేశాను. సంచి జారింది. వంగి ఎత్తుకునేలోపు వెనక తలుపు పడింది.

లోపల పాప, వెలుగుతున్న పొయ్యి. నేనేమో నైటీలో, ఉత్త కాళ్లతో. తలుపు బాదాను. పాప లేచి ఏడుపందుకుంది. మెట్ల మీద ఒకాయన ఎదురైతే చేతులు జోడించాను. ఇక్కడివాళ్లు అందరికీ ఇచ్చే అర నవ్వు నాకూ ఒకటి ఇచ్చి, ఆయన తన దారిన పోయాడు. కిందికి పరుగెత్తాను. బిల్డింగు చూసుకునే ఆవిడ నడుముకు ఎప్పుడూ తాళాల గుత్తి ఉంటుంది, నేను గుత్తులావిడ అని పిలుచుకుంటాను. ఆవిడ భాషలో నాకు ఒక్క ముక్క రాదు. రెండు చేతులతో ఉయ్యాల ఊపి చూపించి, వెక్కుతూ పైకి చూపించాను. బిడ్డున్న ఆడదేమో, రెండేసి మెట్లు ఎక్కేసింది.

తలుపు తీసేసరికి గదంతా పొగ. గిన్నె బొగ్గయింది. పాప గొంతు పోయి, ఏడుపు రాక ఎక్కిళ్లు పెడుతోంది. ఉప్పు డబ్బా దగ్గర్నుంచి అత్తయ్యగారు మాత్రం గొంతు తగ్గకుండా మాట్లాడుతూనే ఉన్నారు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఇది షికారుకెళ్లిందని అప్పటికే కొడుక్కి చెప్పేశారు.

గుత్తులావిడ పొయ్యి కట్టేసి, కిటికీ తెరిచి, నా అరచేతిలో వేలు తిప్పి చూపించింది. నీ తాళంచెవేది? ఖాళీ చేతులు చూపించాను. ఆవిడ రెండు వేళ్లెత్తి, తలుపు వైపు చూపించింది. ఈ ఇంటికి రెండిచ్చారు.

సాయంత్రం ఆయన బల్ల మీద గుత్తి పెట్టగానే చూశాను. ఒకే పోలికలో రెండు, కవలల్లా.

"ఏమండీ, రెండోది నాకివ్వండి."

"చెత్త పడేయడమే చేతకాలేదు, తాళంచెవి కూడానా? ఇంటర్ ఫెయిలైనదాన్ని కట్టబెడితే ఇలాగే ఉంటుంది."

నేను ఫెయిలవలేదు. పరీక్షలు రాయకముందే పెళ్లి చేశారు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో.

పొద్దున ఆయన గుత్తిలోంచి ఒకటి ఊడదీస్తుంటే నాకోసమే అనుకున్నాను. సిగ్గులేని చెయ్యి దానంతటదే చాపుకుంది. ఆయన దాన్ని దాటుకుని కిందికి దిగారు. తలుపు సందులో నా చెప్పు అడ్డం పెట్టి, పాపను చంకనేసుకుని వెనకాలే వెళ్లాను. మా తలుపు తీసే తాళంచెవి ముందే ఉన్న గుత్తులావిడకే ఆయన దాన్నీ ఇచ్చి, నన్ను చూపించి, వేలితో కణత మీద రెండుసార్లు తట్టుకుని నవ్వారు. ఆ సైగకు ఏ భాషా అక్కర్లేదు. ఆవిడ నవ్వలేదు.

"నీ భయం తీరిందిగా," అన్నారు నాతో. "మళ్లీ బుద్ధిలేని పని చేస్తే ఆవిడ తీస్తుందిలే."

ఆయన వెళ్లాక పైకొచ్చాను. చీర కట్టుకున్నాను. పాపకు స్వెట్టరు వేసి, పాలసీసా, గుడ్డలు సంచిలో సర్దాను. ఉప్పు డబ్బా దగ్గర్నుంచి కేక వినిపించింది, "ఏమే, ఎక్కడికే? తలుపు పడితే నీకెవరు తీస్తారు?"

గడప దాటి, అడ్డం పెట్టిన చెప్పు లాగి కాలికి తొడుక్కున్నాను. తలుపు దానంతటదే కదలబోయింది. పడనివ్వలేదు. పాపను ఎదకు హత్తుకుని, నేనే పట్టి లాగి మూశాను.